మీటింగ్ మూడు గంటలు, నిర్ణయం మాత్రం లేదు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

క్లబ్బులు, సంఘాల సమావేశాలు పద్ధతిగా ఎలా నడపాలని కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి, అవసరమైన చోట కుదించి జవాబులు ఇస్తున్నాను. పేర్లు వేయవద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: కర్నూలులో మాదొక వాకర్స్ క్లబ్. ఈ ఏడాది నన్ను కార్యదర్శిని చేశారు. నెలకో ఆదివారం పొద్దున్నే నడక అయ్యాక మీటింగ్ పెట్టుకుంటాం. ఉగ్గాని, బజ్జీ తింటూ అందరూ బాగానే మాట్లాడతారు కానీ ఏదీ తేలదు. పోయిన నెల గ్రౌండులో లైట్ల గురించి మొదలుపెట్టి, కార్పొరేషన్ మీదకి పోయి, అక్కడి నుంచి ఎవరికో కాంట్రాక్టు వచ్చిన సంగతి దాకా వెళ్లాం. ఇంటికొచ్చి మినిట్స్ రాద్దామని కూర్చుంటే రాయడానికి ఒక్క వాక్యం కూడా లేదు.

జవాబు: ఆ ఒక్క వాక్యం మీటింగ్ చివర్లో దొరుకుతుందని మీరు ఎదురుచూస్తున్నారు. అది మొదట్లోనే ఉండాలి. ముందు తీర్మానం, ఆ తర్వాతే చర్చ. మన దగ్గర తొంభై శాతం సంఘాలు దీన్ని తలకిందులుగా చేస్తున్నాయని నా గట్టి అభిప్రాయం.

"లైట్ల సంగతి ఏం చేద్దాం?" అని అధ్యక్షులు అడిగితే ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడతారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు, ప్రశ్నే అలా ఉంది. అదే ఒక సభ్యుడు లేచి, "గేటు దగ్గర నుంచి షటిల్ కోర్టు దాకా నాలుగు ఎల్‌ఈడీ లైట్లు క్లబ్ డబ్బుతో వేయించాలి, ఖర్చు 20,000 రూపాయలు దాటకూడదు అని ప్రతిపాదిస్తున్నాను" అన్నాడనుకోండి. ఇంకొకరు "బలపరుస్తున్నాను" అంటారు. అధ్యక్షులు ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు అందరికీ వినపడేలా మళ్లీ చదువుతారు. ఇక అక్కడి నుంచి మాట్లాడేవాళ్లంతా దాని మీదే మాట్లాడాలి. ఎవరైనా కాంట్రాక్టుల వైపు మళ్లితే, "అన్నా, మన ముందున్నది నాలుగు లైట్లు, ఇరవై వేలు. దాని గురించి చెప్పు" అంటే చాలు. పెద్దాయనను నోరు మూసుకోమన్నట్టు ఉండదు, మాట మాత్రం దారికొస్తుంది.

బలపరచడం అంటే ఒప్పుకోవడం అని చాలామంది అనుకుంటారు. కాదు. ఈ విషయం చర్చించదగ్గదే అని ఇంకో మనిషికి కూడా అనిపించింది, అంతే. బలపరిచిన వ్యక్తే చివర్లో వ్యతిరేకంగా ఓటేయవచ్చు. ఎవరూ బలపరచకపోతే ఆ ప్రతిపాదన అక్కడితో పోయినట్టే, దాని మీద గంటసేపు కూర్చోవలసిన పని లేదు.

ఈ నియమాలన్నీ పెద్ద చదువులు చదివిన లాయర్లు రాసినవేమో మాకెందుకు అనుకోకండి. చాలా దేశాల క్లబ్బులు వాడుకునే నియమాలను కూర్చిన హెన్రీ మార్టిన్ రాబర్ట్ అమెరికా సైన్యంలో ఇంజనీరు. 1863లో ఒక చర్చి మీటింగుకు అధ్యక్షత వహించమంటే ఎలా నడపాలో తెలియక సభ చేయి దాటిపోయింది. ఆ దెబ్బతో వెతికి, చదివి, చివరికి 1876లో అచ్చు వేశాడు. అంటే ఆయనదీ మొదట మీ బాధే.

ఇంకో మాట. ఎజెండాలో "లైట్లు" అని ఒక్క ముక్క రాసి వదలకండి, ఎవరు ఏం ప్రతిపాదిస్తున్నారో రాయండి, నాలుగైదు రోజుల ముందే పంపండి. చివర్లో అలవాటుగా పెట్టే "అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు" కింద డబ్బు ఖర్చయ్యే పని ఏదీ తీసుకోవద్దు. అది వస్తుందని తెలిసి ఉంటే ఊరి నుంచైనా వచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లకు అన్యాయం చేసినట్టవుతుంది.

ప్రశ్న: ఆదోనిలో మాది షటిల్ క్లబ్. సభ్యత్వ రుసుము ఏడాదికి 1,200 నుంచి 2,000 చేద్దామని ఒకరు ప్రతిపాదించారు. 1,500 చాలని ఇంకొకరు, అరవై దాటినవాళ్లకు సగమే తీసుకోవాలని మరొకరు, అసలు పెంచొద్దని ఇద్దరు. అందరినీ ఒకేసారి చేతులెత్తమన్నాం. దేనికి ఎత్తారో ఇప్పటికీ గొడవే.

జవాబు: సవరణల దగ్గరే ఎక్కువ సంఘాలు చిక్కుకుంటాయి కాబట్టి దీన్ని కాస్త నెమ్మదిగా చెబుతాను. సూత్రం ఒక్కటే: చివర వచ్చిన సవరణను ముందు తేల్చాలి, అసలు తీర్మానాన్ని ఆఖరున తేల్చాలి.

మీ క్లబ్బులో ఇలా జరిగి ఉండాల్సింది. అసలు తీర్మానం: "రుసుము 2,000 చేయాలి." ఒకరు లేచి "2,000 బదులు 1,500 అని సవరించాలి" అంటారు, ఇంకొకరు బలపరుస్తారు. ఇప్పుడు చర్చ 2,000 కావాలా 1,500 కావాలా అన్నదాని మీద మాత్రమే. అధ్యక్షులు అడగాల్సిన మాట: "ఇప్పుడు మనం రుసుము పెంచడం మీద ఓటేయడం లేదు, 2,000ను 1,500గా మార్చాలా వద్దా అన్నదాని మీదే ఓటేస్తున్నాం." ఈ వాక్యం చెప్పకపోవడం వల్లే మీకు గొడవ వచ్చింది. సవరణ నెగ్గిందనుకుందాం. అసలు తీర్మానం ఇప్పుడు "రుసుము 1,500 చేయాలి" అయింది, కానీ ఇంకా పాస్ కాలేదు. అప్పుడు అరవై దాటినవారి సంగతి: "అరవై ఏళ్లు దాటినవారికి సగం అని చేర్చాలి" అని రెండో సవరణ. దాని మీద చర్చ, ఓటు. ఓడిపోయిందనుకోండి, పోయింది. ఇక సవరణలు లేవని తెలిశాక, "రుసుము 1,500 చేయాలి" అన్న మొత్తం తీర్మానానికి ఆఖరి ఓటు. పెంచడమే వద్దన్న ఆ ఇద్దరూ ఇక్కడ వ్యతిరేకంగా చేయెత్తాలి. వాళ్లు ముందు 1,500 సవరణకు అనుకూలంగా చేయెత్తి ఉండవచ్చు, అందులో మాట మార్చడం ఏమీ లేదు. పెంచక తప్పకపోతే తక్కువే పెంచండి అన్నారు, అసలు పెంచొద్దని ఇప్పుడు అన్నారు. రెండూ సబబే.

సవరణకు ఇంకో సవరణ ఒక్క మెట్టు వరకు ఒప్పుకోవచ్చు, ఆపైన వద్దు, ఎవరికీ గుర్తుండదు. "పెంచకూడదు అని సవరించాలి" అని ఎవరైనా అంటే తీసుకోకండి, అది సవరణ కాదు, వ్యతిరేక ఓటు వేస్తే సరిపోతుంది. అధ్యక్షులు తీర్మానాన్ని చదివేశాక అది సభ సొత్తు, ప్రతిపాదించినవాళ్లు తమంతట తాము "సరేలెండి, 1,800 చేసుకోండి" అని మార్చలేరు. ఎవరికీ అభ్యంతరం లేదా అని సభను అడిగి మార్చాలి.

ప్రశ్న: అనంతపురంలో మా కాలనీ సంక్షేమ సంఘంలో 140 ఇళ్లు. సర్వసభ్య సమావేశానికి పాతిక మంది వస్తే ఎక్కువ. బైలాస్‌లో (సంఘం నియమావళిలో) మూడో వంతు కోరం, అంటే సమావేశం చెల్లాలంటే కనీసం అంతమంది రావాలి, అని ఉంది. రిజిస్టర్‌ను తర్వాత ఇంటింటికీ పంపి సంతకాలు పెట్టించుకుంటున్నారు. ఇది తప్పా?

జవాబు: తప్పే. మెత్తగా చెప్పలేను. సమావేశానికి రాని మనిషి వచ్చినట్టు సంతకం పెట్టడం అబద్ధపు రికార్డు. రేపు బోరు విషయంలోనో అపార్ట్‌మెంట్ పెయింటింగ్ విషయంలోనో ఎవరైనా కోర్టుకెక్కితే ముందు అడిగేది ఆ రిజిస్టరే, అప్పుడు మంచి మనసుతో సంతకం పెట్టిన పక్కింటి టీచరమ్మ కూడా జవాబు చెప్పుకోవాలి.

మీకు మూడో వంతు అంటే 47 మంది. అంత ఎక్కువ పెట్టుకోవాలని ఎవరూ బలవంతం చేయలేదు. రాజ్యాంగం 100వ అధికరణలో పార్లమెంటుకే పదో వంతు కోరం పెట్టారు. రాష్ట్ర శాసనసభకు 189వ అధికరణ ప్రకారం పది మంది లేదా పదో వంతు, ఏది ఎక్కువైతే అది. మన 175 మంది ఎమ్మెల్యేల సభకు 18 మంది ఉంటే చాలు. బైలాస్ మార్చే పద్ధతి మీ బైలాస్‌లోనే రాసి ఉంటుంది, ఆ పద్ధతిలో, నిజంగా కోరం ఉన్న ఒక్క సమావేశంలో, కోరం తగ్గించుకోండి. ఆ ఒక్కసారికి మాత్రం ఇల్లిల్లూ తిరిగి మనుషులను పిలుచుకు రావాలి. సంతకాల కోసం తిరిగే కాళ్లే కదా.

కోరం లేని రోజు ఏం చేయవచ్చు? మళ్లీ ఎప్పుడు కలవాలో తేదీ పెట్టుకోవచ్చు. ఊరికే మాట్లాడుకోవచ్చు. తీర్మానం చేయకూడదు, చెక్కు రాయకూడదు. వాయిదా పడ్డ సమావేశానికి కోరం అక్కరలేదని చాలా బైలాస్‌లో ఉంటుంది, మీ దాంట్లో ఉందో లేదో చూసుకోండి. ఉన్నా సరే, మొదటి నోటీసులోని ఎజెండా తప్ప కొత్త విషయం తీసుకోవద్దు. కోరం మొదట్లో ఉంటే చాలదు, ఓటింగ్ అప్పుడు కూడా ఉండాలి. గ్రూప్ ఫోటో అవగానే సగం మంది లేచిపోతారు కాబట్టి ఫోటో, టిఫిన్ రెండూ ఓటింగ్ తర్వాతకు మార్చండి.

ప్రశ్న: కడపలో మాదొక సాహిత్య సంస్థ. మా అధ్యక్షులంటే అందరికీ గౌరవం. కానీ ప్రతి విషయం మీదా ముందు ఆయనే అరగంట మాట్లాడి, "అందరికీ సమ్మతమే కదా" అంటారు. చప్పట్లు కొడతారు. ఏకగ్రీవం అని రాస్తాం. బయటికొచ్చాక సగం మంది సణుగుతారు.

జవాబు: ఆయన మంచివారే అయి ఉండవచ్చు, కానీ ఆ కుర్చీలో కూర్చున్నవారికి ఒక కట్టుబాటు ఉంది. తన అభిప్రాయం చెప్పాలనుకుంటే, ఉపాధ్యక్షులకు కుర్చీ అప్పగించి కిందికి వచ్చి సభ్యుడిలా మాట్లాడాలి, ఆ విషయం ఓటింగ్ అయ్యేదాకా మళ్లీ కుర్చీ ఎక్కకూడదు. పది పన్నెండు మంది కూర్చునే కార్యవర్గంలో ఇంత పట్టింపు అక్కరలేదు, అక్కడ అధ్యక్షులూ చర్చలో పాల్గొనవచ్చు. సర్వసభ్య సమావేశంలో మాత్రం పాటించాలి.

ఈ విషయంలో మన సీమ మనిషే మంచి ఉదాహరణ. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1967లో లోక్‌సభ స్పీకర్ అయినప్పుడు తన పార్టీ సభ్యత్వానికి రాజీనామా చేశారు. కుర్చీ ఎక్కాక తాను ఎవరి పక్షమూ కాదని అందరికీ కనపడేలా చెప్పారు. మీ అధ్యక్షులకు ఈ సంగతి ఎవరైనా దగ్గరివాళ్లు ఒంటరిగా ఉన్నప్పుడు గుర్తుచేస్తే బాగుంటుంది. సభలో లేచి చెబితే మనసు నొచ్చుకుంటారు.

ఇక ఏకగ్రీవం. పెద్దాయన ముందు "నాకు సమ్మతం కాదు" అనడం మన వైపు ఎంత కష్టమో నాకు తెలుసు, ఎదురు మాట్లాడినట్టు అవుతుందని నోరు పెగలదు. అందుకే ప్రతిసారీ, అందరూ ఒప్పుకున్నట్టే కనపడినా, రెండు ప్రశ్నలూ అడగాలి: "అనుకూలంగా ఉన్నవారు చేతులెత్తండి. వ్యతిరేకించేవారు చేతులెత్తండి." రెండో ప్రశ్న అడిగి ఒక నిమిషం ఆగాలి. ఆ ప్రశ్న మామూలు అయిపోతే చేయెత్తడం అమర్యాద అనిపించదు. మనుషులకు సంబంధించిన విషయమైతే, ఎన్నికో, ఎవరి మీదైనా చర్యో, చీటీల మీద రహస్య ఓటు పెట్టండి. మూజువాణి ఓటులో, అంటే నోటితో అవును, కాదు అని చెప్పించే పద్ధతిలో, ఏ వైపు ఎక్కువో అనుమానం వస్తే ఎవరైనా సరే లెక్క పెట్టమని అడగవచ్చు, రెండు పక్షాల నుంచి ఒక్కొక్కరు లెక్కపెట్టాలి.

లెక్క ఎందుకంత ముఖ్యమని అడిగేవాళ్లకు కర్నూలు గుర్తుచేస్తాను. 1953 అక్టోబరు 1 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్ర రాజధాని మన కర్నూలే. 1954 నవంబరులో మద్యనిషేధం విషయం మీద ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

ప్రశ్న: అదే సంస్థ నుంచి ఇంకొకరు: ఓట్లు సమానంగా వస్తే అధ్యక్షులకు రెండు ఓట్లా?

జవాబు: బైలాస్‌లో అలా రాసి ఉంటేనే. పార్లమెంటులో స్పీకర్ మొదట ఓటు వేయరు, సమానమైతేనే నిర్ణాయక ఓటు వేస్తారు, అంటే ఆయనకు ఉన్నది ఒక్కటే. బైలాస్‌లో ఏమీ రాయకపోతే, సమానం వచ్చిన తీర్మానం ఓడిపోయినట్టే. నెగ్గాలంటే సగం కన్నా ఎక్కువ రావాలి కదా. ఎవరికీ వేయకుండా కూర్చున్నవాళ్లను ఏ వైపూ లెక్కపెట్టకూడదు.

ప్రశ్న: ప్రొద్దుటూరు మహిళా క్లబ్ సభ్యురాలిని, కొత్తగా చేరాను. మా అత్తగారు కూడా ఇదే క్లబ్. ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లే మాట్లాడతారు. నేను ఏదైనా అంటే ఇంట్లో కూడా దాని గురించే. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఒకటి చెబుతాను. సభలో ఎవరూ ఎవరితోనూ నేరుగా మాట్లాడకూడదు, అందరూ అధ్యక్షురాలితోనే మాట్లాడాలి. ఈ నియమం పెట్టింది సరిగ్గా మీలాంటి ఇబ్బంది కోసమే. "అత్తయ్యా, మీరన్నది సరికాదు" అనే పని మీకు ఉండదు. "అధ్యక్షురాలు గారూ, ఈ ప్రతిపాదనలో బస్సు ఖర్చు కలపలేదు" అంటారు. మాట మనిషి మీదకు పోదు.

ఇక అధ్యక్షురాలిని కోరాల్సింది: ఒకరు రెండోసారి మాట్లాడే ముందు, ఇంకా మాట్లాడనివాళ్లలో ఎవరికైనా మాట్లాడాలని ఉందా అని అడగమనండి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. అనుకూలంగా ఒకరు మాట్లాడితే తర్వాతి అవకాశం వ్యతిరేకించేవాళ్లకు. ఇవి అమలైతే రెండు మీటింగుల్లోనే తేడా కనపడుతుంది. ఓర్వకల్లు వైపు పొదుపు సంఘాల మహిళలు చాపల మీద గుండ్రంగా కూర్చుని ఎలా మాట్లాడుకుంటారో వీలైతే చూడండి. వాళ్ల పంచసూత్రాల్లో పొదుపు, అప్పులు, తిరిగి చెల్లింపులు, పుస్తకాలు ఉన్నాయి, కానీ మొదటిది క్రమం తప్పని సమావేశం. చదువుకోని ఆడవాళ్లు కూడా సొంత డబ్బు గురించి నోరు విప్పి అడగడం అక్కడే నేర్చుకున్నారు.

మీ ప్రతిపాదన కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. రాసిన వాక్యం చేతిలో ఉంటే టెన్షన్ సగం తగ్గుతుంది. వయసులో మీకన్నా కాస్త పెద్దవారు ఒకరిని బలపరచమని ముందే అడిగి పెట్టుకోండి.

ప్రశ్న: "చర్చ చాలు, ఓటింగ్ పెట్టండి" అని ఒకరు అరిస్తే ఆపేయాల్సిందేనా? (తాడిపత్రి)

జవాబు: అవసరం లేదు. ఒకరు అరిచినంత మాత్రాన చర్చ ఆగదు. అది కూడా ఒక ప్రతిపాదనే, ఇంకొకరు బలపరచాలి, మళ్లీ దాని మీద చర్చ లేకుండా వెంటనే ఓటు పెట్టాలి, మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. మామూలు మెజారిటీ ఎందుకు చాలదంటే, ఇక్కడ తీసేస్తున్నది మిగతావాళ్లు మాట్లాడే హక్కు. 30 మందిలో 16 మంది కలిసి 14 మంది నోరు నొక్కేయకూడదు.

ప్రశ్న: ఓసారి ఓడిపోయిన విషయాన్ని ప్రతి నెలా మళ్లీ తెస్తున్నారు. ఆపేదెలా? (గుంతకల్లు)

జవాబు: అదే సమావేశంలో పునఃపరిశీలన అడగాలంటే, నెగ్గిన వైపు ఓటేసినవాళ్లే అడగాలి. అంటే మనసు మారిందని చెప్పే హక్కు వాళ్లకే. తర్వాతి సమావేశాల్లో కొత్తగా తేవచ్చు కానీ, ఆరు నెలల దాకా అదే విషయం తీసుకోకూడదని మీ బైలాస్‌లో ఒక నియమం చేర్చుకుంటే మంచిది.

ప్రశ్న: మీటింగ్ ఎందుకు, వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తితే సరిపోదా? (కర్నూలు)

జవాబు: అభిప్రాయం తెలుసుకోవడానికి సరే. తీర్మానంగా చెల్లదు, మీ బైలాస్ ఒప్పుకుంటే తప్ప. పైగా అక్కడ ఎవరూ ఎవరి వాదనా వినకముందే వేలు ఎత్తేస్తారు, సవరణ చెప్పే వీలు ఉండదు, ఫోన్ వాడని పెద్దవాళ్ల మాట లెక్కలోకే రాదు.

ప్రశ్న: మినిట్స్‌లో ఎవరేం మాట్లాడారో అంతా రాయాలా? మా దాంట్లో ఒక్క మీటింగుకు పది పేజీలు అవుతోంది. (అనంతపురం)

జవాబు: వద్దు. ఏం జరిగిందో రాయండి, ఎవరేమన్నారో కాదు. ఇంత చాలు: "తీర్మానం 3: వేసవి మూడు నెలలు కాలనీ గేటు దగ్గర చలివేంద్రం పెట్టాలి, ఖర్చు 8,000 రూపాయలు మించకూడదు. ప్రతిపాదించినవారు, బలపరిచినవారు (పేర్లు). అనుకూలం 19, వ్యతిరేకం 4. ఆమోదించబడింది. బాధ్యత: కోశాధికారి, మార్చి 15 లోపు." బాధ్యత ఎవరిది, ఎప్పటిలోపు అన్న రెండు ముక్కలు రాయని తీర్మానాలే మూలన పడతాయి. ఓడిపోయిన తీర్మానాలు కూడా రాయాలి. తర్వాతి సమావేశంలో చదివి, తప్పులుంటే దిద్ది, ఆమోదం పొందాకే అధ్యక్షులు సంతకం చేయాలి. వైట్‌నర్ వాడకండి, కొట్టివేసి పక్కన సంతకం పెట్టండి. పుస్తకానికి ముందే పేజీ నంబర్లు వేసి ఉంచండి.

ప్రశ్న: కడపలో మేం తొమ్మిది మంది విద్యార్థులం, పాత బావులు, చెరువుల ఫోటోలు తీసి రికార్డు చేసే క్లబ్ పెట్టాలనుకుంటున్నాం. మొదటి మీటింగ్ ఎలా మొదలుపెట్టాలి? అధ్యక్షుడే లేడు కదా.

జవాబు: మంచి పని, తమ్ముడూ. మీలో ఎవరో ఒకరు లేచి, "ఈ సమావేశానికి తాత్కాలిక అధ్యక్షుడిగా ఫలానావారిని ప్రతిపాదిస్తున్నాను" అంటే చాలు, చేతులెత్తి తేల్చుకోండి. ఆయన వెంటనే తాత్కాలిక కార్యదర్శిని ఎన్నుకోమంటాడు. తర్వాత ఒకే ఒక్క తీర్మానం: "ఈ పేరుతో, ఈ పని కోసం ఒక క్లబ్ ఏర్పాటు చేయాలి." అది పాస్ అయ్యాక బైలాస్ రాయడానికి ముగ్గురిని నియమించి ఆ రోజుకు ముగించండి. అదే రోజు పదవులు పంచుకోవద్దు. పదవులకు ఏ అధికారాలు ఉంటాయో ఇంకా రాసుకోలేదు కదా.

రిజిస్ట్రేషన్ చేయించాలంటే ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి, మీకు సరిపోతారు. బైలాస్ ముసాయిదా అందరికీ వారం ముందే ఇచ్చి, రెండో సమావేశంలో ఒక్కో నియమం చదివి విడిగా ఓటుకు పెట్టండి, ఆఖరున మొత్తానికి ఒకసారి. కోరం, నోటీసు గడువు, బైలాస్ మార్చడానికి ఎన్ని వంతులు కావాలి, బ్యాంకు ఖాతాకు ఎవరెవరి సంతకాలు అన్న నాలుగూ అందులో తప్పక ఉండేలా చూసుకోండి, చెక్కు మీద ఇద్దరి సంతకం పెట్టండి. చదువు అయిపోయి ఊరు వదిలి వెళ్లేవాళ్లు మీలో ఉంటారు కాబట్టి, ఫోటోల హార్డ్ డిస్క్ ఎవరి దగ్గర ఉండాలో కూడా ఒక నియమంగా రాయండి.